ముక్క తెచ్చే సూదిని

మాది పాత వంశమే. 1930లో న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రిలో మార్టిన్, ఎల్లిస్ అనే ఇద్దరు గడ్డల్లోకి సూది దించి, కణాలు లాగి, గాజుపలక మీద పరీక్షించారు. ఇలా కణాలు లాగే పరీక్షను ఎఫ్ఎన్ఏసీ అంటారు, దాని సన్నసూదులది ఆ దారే. నేను మాత్రం 1980ల్లో స్వీడన్ డాక్టరు లిండ్‌గ్రెన్ తయారుచేసిన స్ప్రింగు గన్ శాఖ దాన్ని. 14 గేజ్, సుమారు రెండు మిల్లీమీటర్ల లావు. సన్నసూది విడి కణాలు తెస్తుంది, నేను సన్నటి కండముక్క తెస్తాను. క్యాన్సర్ పాలనాళం గోడ దాటిందో లేదో విడి కణాలు చెప్పలేవు.

విజయవాడలో ఒక ఆసుపత్రిలో నా ప్యాకెట్ విప్పారు. పేషెంటు నెమలి ఊరి నుంచి కోడలిని వెంటబెట్టుకుని తిరువూరు, మైలవరం మీదుగా బస్సులో వచ్చింది. ఊళ్లో వేణుగోపాలస్వామికి మొక్కుకుంది, బాగానే ఉంది. మిరపకోతలు అయ్యేదాకా రొమ్ములో గడ్డను దాచిపెట్టడమే నాకు నచ్చలేదు.

"సూది గుచ్చితే గడ్డ ఒళ్లంతా పాకుద్దంటగా డాక్టరమ్మా?"

"పాకదమ్మా. అదేం గడ్డో తెలియకుండా ఏ మందని ఇవ్వను?"

సూది దారిలో ఒకటీ అరా కణాలు చెదరడం నిజమే. దానివల్ల ప్రాణాపాయం పెరిగినట్టు మాత్రం పరిశోధనల్లో తేలలేదు.

మత్తుమందు ఇచ్చారు. "టప్‌మని చప్పుడవుద్ది, ఉలిక్కిపడకండి" అని నర్సు ముందే చెప్పింది. అల్ట్రాసౌండ్ తెరమీద చూస్తూ నన్ను ఛాతీ గోడకు సమాంతరంగా పోనిచ్చారు. ఊపిరితిత్తి దగ్గరే కదా. స్ప్రింగు వదలగానే నా గాడిలో కండ పడింది, పై గొట్టం దాన్ని తెంపింది. ఇలా కొన్నిసార్లు. ఫార్మలిన్‌లో వేసిన ముక్కలు మునిగాయి. ఉత్త కొవ్వైతే తేలేది.

నన్ను ఎంతవరకు నమ్మొచ్చు? స్కాన్‌లో చూస్తూ తీస్తే నూటికి 95కి పైగా క్యాన్సర్లను పట్టుకుంటాను. 'ఉంది' అంటే దాదాపు ఉన్నట్టే. 'లేదు' అన్నప్పుడు మాత్రం నన్ను నిలదీయండి. గురి పక్కకు పోయిందేమో, గడ్డలో మంచి భాగమే దొరికిందేమో. అందుకే డాక్టరు చేత్తో చేసే పరీక్ష, స్కాన్, నా ముక్క మూడూ ఒకే మాట చెప్పాలి. స్కాన్ అనుమానంగా ఉండి నేను ఏమీ లేదంటే, తప్పు నాదేననుకుని మళ్లీ తీయాలి. సరిహద్దు కేసులూ ఉన్నాయి. ఎడిపికల్ హైపర్‌ప్లేసియా అని నేను తెచ్చిన ముక్కలో వస్తే, ఆపరేషన్‌లో పక్కనే క్యాన్సర్ బయటపడవచ్చు. ఫైబ్రోఎడినోమాకీ ఫిల్లోడ్స్ కణితికీ తేడా ఒక్కోసారి నాకూ చిక్కదు. ఇలాంటివాటిని రిపోర్టులో బి3 అంటారు. సర్జన్, రేడియాలజిస్టు, పెథాలజిస్టు కలిసి కూర్చోవలసిన సందర్భం అది.

క్యాన్సరే అయితే అవే ముక్కల మీద ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు చేసి మందు ఎంచుకుంటారు. ఆ కబురు వినేదాకా నేనుండను. సూదులు వేసే తెల్లడబ్బాలో అప్పటికే పడ్డాను. మాటలు మాత్రం వినిపిస్తున్నాయి.

"రిపోర్టుకు వచ్చే మంగళవారం రండమ్మా."

"మంగళవారమా? బుధవారం వస్తాలే తల్లీ."

"మీరుండండి అత్తయ్యా" అంది కోడలు. "మంగళవారమే వస్తాం డాక్టరుగారూ. పొద్దున్న బస్సుకే."