ఎనిమిది ఎవడు ఇవ్వమన్నాడు?

మా అన్నయ్య కొడుకు డిగ్రీలో కంప్యూటర్లు చదివాడు. చదివాడు అనడం కన్నా రాశాడు అనాలి. రికార్డులో కుడిపేజీ ప్రోగ్రాముకి, నీలం సిరా. ఎడమపేజీ అవుట్‌పుట్‌కి, పెన్సిల్. స్కేలు పెట్టి గీసిన కీబోర్డు బొమ్మ చూస్తే డ్రాయింగు మాస్టారు కూడా దణ్ణం పెడతాడు. అసలు కీబోర్డు మీద మాత్రం వాడి చెయ్యి పడింది తక్కువే. సిస్టమ్‌కి నలుగురు, ఒకడు కొడతాడు, ముగ్గురికి దర్శనం. చెప్పులు ఎలాగూ ల్యాబు గుమ్మం బయటే విడిచి వెళ్లాలి.

లోపల నీలం తెర, సీ భాషలో ప్రోగ్రాములు రాసే టర్బో సీ. ఎప్పుడో డాస్ కాలంలో వచ్చిన సరుకు. ఇప్పటి విండోస్ దాన్ని నేరుగా నడపదు గనక డాస్‌బాక్స్ అనే ఉత్తుత్తి పాత కంప్యూటర్ని లోపల నిలబెట్టి, అందులో దీన్ని కూర్చోబెడతారు. మేడ కట్టుకుని, హాల్లో పూరిపాక వేసి, అందులో కట్టెల పొయ్యి మీద వండుకోవడమన్న మాట. ప్రోగ్రాము మొదట్లో తెర తుడవడానికి ఒక మంత్రం, చివర తెర ఆపడానికి ఇంకొకటి. ఆ రెండూ సీ భాష ప్రమాణంలో లేవు. రికార్డులో లేకపోతే మాత్రం సంతకం పడదు.

ఒకరోజు మావాడికి కీబోర్డు దక్కింది. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాము, అంటే ఒకటి నుంచి ఇచ్చిన అంకె దాకా అన్నీ గుణించేది. 5 ఇస్తే 120 వచ్చింది. అది వింతేం కాదు, కంప్యూటర్ ఆన్ చెయ్యకముందే రికార్డులో పెన్సిల్‌తో వేసి ఉంది. కుర్రతనం కొద్దీ 8 ఇచ్చాడు. మైనస్ 25216 వచ్చింది.

“సార్, మైనస్ వస్తోంది.”

“రికార్డులో ఎంత ఇచ్చారు?”

“ఐదు సార్.”

“మరి ఎనిమిది ఎవడు ఇవ్వమన్నాడు?”

రావలసింది 40320. ఆ టర్బో సీలో అంకెలు పట్టే ఇంట్ అనే గిన్నె 16 బిట్లదే, 32767 దాటితే పొంగి లెక్క మైనస్‌లోకి దొర్లుతుంది. కంప్యూటర్ అంటే ఏమిటో చెప్పడానికి అంతకన్నా మంచి పాఠం ఆ ల్యాబులో ఇంకోటి లేదు. అది తనంతట తాను నోరు విప్పితే నోరు మూయించారు. (సారునని లాభం లేదు. ఆయన బల్ల మీద సంతకానికి మనిషెత్తు రికార్డులున్నాయి.)

వైవాలో అడిగింది ఒకటే, కంప్యూటర్ పితామహుడెవరని. చార్లెస్ బాబేజ్, సార్. తను గీసిన యంత్రం పూర్తికావడం చూడకుండానే 1871లో పోయాడు పాపం. మన ల్యాబుకి తగిన పితామహుడే. మార్కులు పూర్తిగా పడ్డాయి.

మొన్న బ్యాంకు ఉద్యోగానికి ఐబీపీఎస్ దరఖాస్తు పెట్టాలన్నాడు. “ఫొటో 20 నుంచి 50 కేబీ లోపు ఉండాలట బాబాయ్. కేబీ అంటే 1024 బైట్లు. తగ్గించడం మాత్రం సిలబస్‌లో లేదు.” ఫోన్లో ఫొటో చూస్తే నాలుగు ఎంబీ ఉంది. ఇద్దరం నెట్ సెంటర్‌కి పోయాం. అక్కడి కుర్రాడు ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూనే ఫొటో కోసేశాడు, తగ్గించేశాడు, ఎక్కించేశాడు. చివర్లో ఒక డిక్లరేషన్ అభ్యర్థే సొంత దస్తూరీతో రాసివ్వాలన్నాడు. మావాడి మొహం వెలిగిపోయింది. కొట్టివేత లేకుండా, ముత్యాల్లా రాశాడు. మూడేళ్ల అభ్యాసం మరి! దాన్ని స్కాన్ చేసింది మళ్లీ ఆ కుర్రాడే.

వచ్చే పరీక్షలకి ఎక్స్‌టర్నల్‌గా దయచేసే సార్లకి ఒక మనవి. రికార్డు పక్కన పెట్టి, పిల్లల చేతికి నాలుగు ఎంబీల ఫొటో ఒకటిచ్చి, 50 కేబీకి తగ్గించి మీకు మెయిల్ చెయ్యమనండి. బయల్దేరే ముందు ఇంట్లో మీరూ ఒకసారి చేసి చూసుకోండి.