ఉయ్యాల వాక్యానికి టీకా తాత్పర్యాలు

మూలం: “హాంబుల్డన్ గ్రామము క్రికెట్టునకు ఉయ్యాల.”

అవతారిక: హాంబుల్డన్ ఇంగ్లండులోని హాంప్‌షైర్‌లో ఒక పల్లె. 18వ శతాబ్దం రెండో సగంలో అక్కడి క్లబ్బు, ఇంగ్లండు మొత్తం కూడి వచ్చినా ఓడించగల జట్టును నిలబెట్టింది. ఆ క్లబ్బు చరిత్ర ఎవరు రాయబోయినా శ్రీకారం చుట్టగానే పై వాక్యం పడుతుంది. దాన్ని విప్పి చూసేవారు తక్కువ గనుక వ్యాఖ్య అవసరమైంది. మెదక్ సీమలోని కొల్చారానికి చెందిన వ్యాఖ్యాత మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యలో ఆ ఒట్టు మొదటి సగమే చెల్లుతుంది.

టీక: ‘క్రికెట్టు’ స్పష్టం. ‘గ్రామము’ స్పష్టంలా కనిపించే చిక్కు; తర్వాత చూడదగినది. ‘ఉయ్యాల’ దగ్గర మొదటి ఆక్షేపం. ఉయ్యాలలో ఉండవలసినది శిశువు. 16వ శతాబ్దం చివర గిల్‌ఫర్డ్ కోర్టులో ఒక స్థలం తగాదా నడిచింది. అందులో జాన్ డెరిక్ అనే 59 ఏళ్ల పెద్దమనిషి, బడికి వెళ్లే రోజుల్లో ఆ స్థలంలో క్రికెట్ ఆడానని సాక్ష్యం చెప్పాడు. 1744 నాటికి ఆటకు రాతపూర్వక నిబంధనలు కూడా ఏర్పడ్డాయి. హాంబుల్డన్ క్లబ్బు పేరు మోగింది ఆ తర్వాతే. అంటే రెండు వందల ఏళ్లు పైబడిన ముసలివాణ్ణి ఎత్తుకొచ్చి జోల పాడుతున్నారన్నమాట.

పూర్వపక్షి ఇక్కడ అడ్డుపడతాడు: “ఉయ్యాల లక్షణార్థం. ఆట అక్కడ పుట్టలేదు, దిద్దుకుంది.” ఈ మాటను తోసిపుచ్చలేం. దీనికి తర్కశాస్త్రమే సాక్షి.

తార్కికులు ఒక వస్తువు లక్షణం చెప్పడంలో మూడు దోషాలను లెక్కపెట్టారు. కొమ్ములున్నది ఆవు అంటే గేదె కూడా ఆవవుతుంది, ఇది అతివ్యాప్తి. కపిలవర్ణం గలది ఆవు అంటే తెల్లావు ఆవు కాకుండా పోతుంది, ఇది అవ్యాప్తి. ఒంటి గిట్ట గలది ఆవు అంటే లోకంలో ఒక్క ఆవూ మిగలదు, ఇది అసంభవం. శతాబ్దాలుగా పాఠశాలల్లో ఈ ఆవునే తోలుతున్నారు. వాళ్లలో ఎవరికైనా క్రికెట్ తెలిసి ఉంటే ఆవు ఎప్పుడో విశ్రాంతి తీసుకునేది.

1744 నిబంధనలు బ్యాటు ఎంత వెడల్పు ఉండాలో చెప్పలేదు. 1771 సెప్టెంబరులో చెర్ట్సీ జట్టు తరఫున థామస్ వైట్ అనేవాడు వికెట్టంత వెడల్పున్న బ్యాటు పట్టుకుని హాంబుల్డన్ మీద ఆడటానికి దిగాడు. చేతిలో పట్టి బంతిని కొట్టేది బ్యాటు అంటే తలుపు కూడా బ్యాటే గదా! శుద్ధ అతివ్యాప్తి. హాంబుల్డన్ వాళ్లు తర్కం చదవలేదు గాని దోషం పట్టారు. బ్యాటు నాలుగుంపావు అంగుళాలకు మించరాదని కాగితం రాసి రిచర్డ్ నైరన్, థామస్ బ్రెట్, జాన్ స్మాల్ సంతకాలు చేశారు. 1774లో అది నిబంధన అయింది. నేటికీ అదే కొలత.

అవ్యాప్తి 1775లో లండన్ ఆర్టిలరీ మైదానంలో బయటపడింది. అప్పటికి వికెట్టంటే రెండు కర్రలు, పైన ఒక అడ్డపుల్ల. ఎదుటి జట్టు బౌలరు లంపీ స్టీవెన్స్ వేసిన బంతి మూడుసార్లు జాన్ స్మాల్‌ను దాటి, రెండు కర్రల నడుమగా, పుల్ల పడకుండా పోయింది. బౌల్డయినవాడు బౌల్డు కాలేదు. స్మాల్ కావలసిన పరుగులు తీసి హాంబుల్డన్‌ను గెలిపించాడు. ఆ తర్వాత మూడో కర్ర వచ్చింది. ఈ స్మాల్ పీటర్స్‌ఫీల్డ్‌లో చెప్పులు కుట్టి, పిమ్మట బ్యాట్లూ బంతులూ చేసి బతికాడు, ఫిడేలు వాయించేవాడు. మీదికొస్తున్న ఎద్దును ఫిడేలుతో శాంతింపజేశాడని కూడా ఒక కథ ఉంది. తార్కికుల పశువుకు ఈ ఎద్దుతో సంబంధం లేదు.

మూడో దోషం ‘గ్రామము’ దగ్గర దాక్కుంది. క్లబ్బు సభ్యులు ప్రభువులు, భూస్వాములు, పాదరీలు. విందులకూ పందేలకూ బయటినుంచి వచ్చేవారు. పేరుమోసిన ఆటగాళ్లలోనూ చాలామంది బయటివారే: స్మాల్ ఒక ఊరు, కుండలు చేసే డేవిడ్ హారిస్ మరో ఊరు. ఆట జరిగిన బ్రాడ్‌హాఫ్‌పెన్నీ డౌన్ అయినా ఊళ్లో లేదు, రెండు మైళ్ల దూరపు మిట్ట. ఎదురుగా రిచర్డ్ నైరన్ నడిపిన పబ్బు. ఒంటి గిట్ట ఆవు ఇదే.

1777లో సెవెన్‌ఓక్స్‌లో ఈ జట్టు ఇంగ్లండును ఇన్నింగ్స్ 168 పరుగులతో ఓడించింది. ఇంగ్లండు రెండుసార్లు చేసినవి 166, 69; వీళ్లు ఒక్కసారి చేసినవి 403. అందులో జేమ్స్ ఐల్‌వర్డ్‌వే 167. ఇతను ఆడినందుకు కూలి పుచ్చుకునేవాడు. ఆనాటి స్కోరు పట్టీల్లో దొరలకు బిరుదులుండేవి, కూలికి ఆడేవాళ్లకు వట్టి ఇంటిపేరు. (మన ఊళ్ల టోర్నమెంటు ఫ్లెక్సీ మీద కప్పు ఇచ్చిన దాత నిలువెత్తున ఉండి, కప్పు గెలిచినవాళ్లు అడుగున వరసగా ఉండటం ఈ సంప్రదాయమే.) క్లబ్బు మినిట్సులో సారాయి లెక్కలు భద్రంగా ఉన్నాయి. ఈ ఆటగాళ్లు మనుషులుగా కనిపించేది మాత్రం 1833 పుస్తకంలోనే. నైరన్ కొడుకు జాన్, ముసలితనంలో గుర్తుచేసుకుని చెబితే చార్లెస్ కౌడెన్ క్లార్క్ దాన్ని కూర్చాడు. ఆ ముసలాయన నోరు విప్పకపోయి ఉంటే ఫిడేలూ లేదు, ఎద్దూ లేదు.

1782 ప్రాంతంలో ఆట విండ్‌మిల్ డౌన్‌కు మారింది. దీనికి వ్యాఖ్య అక్కరలేదు. 1787లో లండన్‌లో ఎంసీసీ అనే క్రికెట్ క్లబ్బు ఏర్పడింది. పెద్దమనుషులు అటు తరలారు. 1796 ఆగస్టు మినిట్సులో అతిథుల జాబితాలో, రాజరికాన్ని దుయ్యబట్టిన రచయిత థామస్ పెయిన్ పేరుంది. ఆయన అప్పుడు ఫ్రాన్సులో ఉన్నాడు. ఎవరో కొంటెగా రాసి ఉంటారు. సెప్టెంబరులో, పెద్దమనుషులెవరూ రాలేదని రాసి పుస్తకం మూసేశారు. ఆటగాళ్ల ఊసు ఆ పద్దులో లేదు. 1908లో బ్రాడ్‌హాఫ్‌పెన్నీ మిట్ట మీద రాతి స్మారకం లేచింది.

తాత్పర్యం: ఆటను దిద్దినవాళ్లు చెప్పులు కుట్టినవాడు, పబ్బు నడిపినవాడు, కూలికి ఆడినవాళ్లు. క్లబ్బుల చరిత్ర రాసే మహాశయులు ఇకనైనా ముందు వాళ్ల పేర్లు, వృత్తులతో సహా, రాయాలి. చోటు మిగిలితే ప్రభువులను చేర్చుకోవచ్చు.