నీలం పెన్సిలుంటే ఎమ్మెస్సీ

జాగ్రఫీలో పీజీ చెయ్యడానికి భూమితో పనిలేదు. ముందు కావలసింది హాస్టల్ గది. గ్రూప్-2కి చదువుదామంటే హైదరాబాదులో అద్దె భరించలేం. ఎంట్రన్స్ రాస్తే జాగ్రఫీలో సీటొస్తుంది, సీటుతోపాటు మంచమూ మెస్సు కార్డూ వస్తాయి. తరగతిలో సగంమంది భూమి మీద మక్కువతో కాదు, భూమ్మీద ఎక్కడో ఓచోట తల దాచుకుందామని చేరినవాళ్లే. వాళ్లను తప్పుపట్టను.

తర్వాత 75 శాతం హాజరు. వేలిముద్ర పడితే చాలు. వేలు డిపార్ట్‌మెంటులో నొక్కి, తలను రీడింగ్ రూముకి పట్టుకుపోవచ్చు.

డిపార్ట్‌మెంటులో ఓ గ్లోబు ఉంటుంది. భూమి అక్షం 23½ డిగ్రీలు వాలి ఉంటుందని పాఠం. స్టాండు విరిగిన ఈ భూమి గోడకు జారబడి అరవై డిగ్రీలు వాలింది. దానిమీద సోవియట్ యూనియన్ ఇంకా చెక్కుచెదరలేదు.

అసలు గండం ప్రాక్టికల్స్ రికార్డు. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీటును, కింద బల్బు వెలిగే గాజు బల్ల మీద పరిచి, ట్రేసింగ్ పేపరు మీదకు 20 మీటర్లకొక కాంటూరు చొప్పున గోధుమరంగులో దించాలి. నీళ్లకు నీలం, అడవికి ఆకుపచ్చ, సాగుకు పసుపు. 56 కె/7 షీటు తీసుకోండి. గోల్కొండ, గచ్చిబౌలి అందులోవే. పాత షీటు. అందులో నీలంగా ఉన్నచోట ఇవాళ లిఫ్టుతో సహా అపార్ట్‌మెంట్లు. బస్సెక్కి వెళ్లి కళ్లారా చూసొచ్చిన కుర్రాడు అక్కడ ఇళ్లు గీశాడా, రికార్డు మొహాన కొడతారు. షీటులో ఉన్నట్టే బుద్ధిగా నీలం నింపినవాడికి పదికి తొమ్మిది. పోయిన ఆ ఒక్క మార్కూ మార్జిన్ వంకర పోయినందుకు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా అనే సంస్థను పెట్టి, చెరువు హద్దులెక్కడని సర్కారు పొక్లెయిన్లతో వెతుకుతున్న ఊళ్లోనే ఈ మార్కులు పడుతున్నాయి.

షాద్‌నగర్‌లో రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్నారెస్సీ) యాంటెన్నాలు ఉపగ్రహ చిత్రాలు అందుకుంటూనే ఉంటాయి. ఇస్రో వారి మ్యాపుల పోర్టల్ భువన్ 2009 నుంచి అందరికీ తెరిచే ఉంది. తెరుచుకోనిది మన ల్యాబే. తాళంచెవి అటెండరు దగ్గరుంది, అటెండరు సెలవులో ఉన్నాడు.

ఫీల్డ్ టూరు కూడా తప్పనిసరి. బొర్రా గుహల్లో సున్నపురాయి ఎలా కరిగి ఎలా పేరుకుందో పరిశీలించాలి. గుహ ఫొటోలో పడుతుంది, బ్యానరు వెనకాల.

ఇక డిసర్టేషన్. 'ఫలానా మండలంలో భూ వినియోగ మార్పులు.' ఏటా మండలం మారుతుంది, మార్పులు మారవు. సీనియర్ భీమిలి మీద రాసినదాంట్లో ఊరి పేరు తీసేసి భీమ్‌గల్ అని పెట్టిస్తే, జిరాక్స్ షాపువాడు కాలికో బైండింగు, బంగారు అక్షరాలతో సాయంత్రానికి చేతిలో పెడతాడు. నిజామాబాద్ జిల్లాలో సముద్ర తీరం కోతకు గురవుతోందని అందులో ఉన్నా ఎవరూ కంగారుపడరు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలికలుంటే శిక్ష లేదు. మిగతా వాక్యాలను అటూ ఇటూ తిప్పితే సరి. సాఫ్ట్‌వేరు దొంగ వాక్యాలను పట్టుకుంటుంది కానీ, దొంగ సముద్రాన్ని పట్టుకోవలసింది వైవాకి వచ్చిన ఎగ్జామినరు. ఆయనకు నాలుగింటికి రైలుంది.

నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లు పీజీని ఏడాదిలోనే ముగించొచ్చని యూజీసీ 2024లో దారి చూపింది. మంచిదే, ఇంకో చెరువు పోయేలోగా పట్టా వస్తుంది.

పట్టా వచ్చాక? జూనియర్ లెక్చరర్ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో వాతావరణ శాఖ కూడా చెప్పలేదు. రియల్ ఎస్టేట్ ఆఫీసుల్లో మాత్రం మ్యాపు గీసేవాడికి ఎప్పుడూ గిరాకీయే. బ్రోచరులో విమానాశ్రయం పదిహేను నిమిషాల దూరానికి జరగాలి, ఔటర్ రింగు రోడ్డు వెంచరు గేటుకి తగలాలి. స్కేలు వెయ్యనందుకు మార్కులు కోయించుకున్న కుర్రాడు కాస్త నసిగితే, "స్కేలెందుకు తమ్మీ, కొనేటోడు కొలుస్తడా?" అంటాడు ఓనరు. మూలనున్న కుంటను పార్కు చెయ్యమంటాడు. రికార్డుకని కొన్న డబ్బాలో నీలం ఎప్పుడో అరిగిపోయింది, ఆకుపచ్చ దండిగా మిగిలింది.