పెద్దాయన ఫెయిలయ్యాడు

మన ఇంజనీరింగు చదువుల కొంప ముంచింది ఒకే ఒక్క మాట: పరీక్ష. ఒక నమూనా తయారుచేసి, దాన్ని వాడబోయే మనిషి చేతికిచ్చి, ఎక్కడ తడబడతాడో చూడటాన్ని యూజబిలిటీ టెస్ట్ అంటారు. టెస్ట్ అనేసరికి మనోళ్లకు హాల్‌టికెట్టూ బిట్ పేపరూ గుర్తొచ్చాయి. ఎల్‌కేజీ నుంచి మనుషులకు పరీక్షలు పెట్టడమే తప్ప వస్తువుకు పెట్టిన పాపాన పోయినవాళ్లమా? అందుకే ఇక్కడా మనిషినే కూర్చోబెట్టాం.

పులివెందుల వైపు ఒక చీనీ (బత్తాయి) తోటలో ఈ తంతు కళ్లారా చూశాను. కాలేజీ పేరు వద్దు. మీ ఊరి కాలేజీ అనుకోండి, పెద్దగా తేడా రాదు. నలుగురు పిల్లోళ్లు చీనీ ధరలు చెప్పే యాప్ చేసుకొచ్చి ఒక పెద్దాయన చేతిలో ఫోను పెట్టారు. ఆయన కళ్లజోడు సర్దుకుని, బొటనవేలు స్క్రీను మీద ఆనీ ఆనకుండా అటూ ఇటూ ఆడించాడు. రెండు సెకన్లు. వెనక నిలబడినవాడికి అంతలోనే ఊపిరాడలేదు.

"తాతా, ఆ పచ్చది నొక్కు."

నొక్కాడు.

"పైన మూడు గీతలుండాయి సూడు, అది."

"మూడు గీతలంటే? విబూదా నాయనా?"

పిల్లోడు నవ్వేసి, ఆయన వేలు పట్టుకుని తనే నొక్కించాడు. పక్కవాడు రికార్డులో రాసుకున్నాడు: పని పూర్తయింది, 40 సెకన్లు, వాడుకరి సంతృప్తి అయిదుకు అయిదు. పరీక్ష హాలు కిటికీలోంచి చీటీలు అందించడం చూసిన జాతి మనది. ఇక్కడ కిటికీతో కూడా పన్లేదు, ఇన్విజిలేటరే చీటీ.

ఫోను తిరిగిస్తూ పెద్దాయన అడిగాడు: "అంతా బాగుండాది గానీ, సూట్ యాడ పెట్టినారబ్బీ?"

సూట్ అంటే టన్నుకు ఇన్ని కిలోలని వ్యాపారి తరుగు కింద కోసుకునే తూకం. రైతు ఇంటికి చేరే డబ్బు బోర్డు మీది ధరను బట్టి రాదు, సూట్ పోగా మిగిలిన కాయను బట్టి వస్తుంది. నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అది మా స్కోప్‌లో లేదు తాతా" అన్నాడు టీమ్ లీడరు. ఆ పూటంతటికీ దొరికిన అసలైన ఫలితం ఆ ఒక్క ప్రశ్నే. రికార్డులో దానికి గడి లేదు గనక ఎక్కలేదు. ఎక్కింది వేరే మాట: వాడుకరికి డిజిటల్ పరిజ్ఞానం తక్కువ. అంటే, పెద్దాయన ఫెయిలు.

పిల్లోళ్లను తిట్టి లాభం లేదు. డిజైన్ థింకింగ్, అంటే వాడేవాడి ఇబ్బంది నుంచి డిజైన్ మొదలుపెట్టే పద్ధతి, సిలబస్‌లోకి వచ్చింది. అందులోని సహానుభూతిని పది మార్కులకు నిర్వచించి, పటం గీసి, భాగాలు కూడా గుర్తించగలరు. యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన మాట మాత్రం అందరికీ కంఠతా వచ్చు: అయిదుగురితో పరీక్షిస్తే చాలు, లోపాల్లో దాదాపు 85 శాతం బయటపడతాయి. ఆహా! హాస్టల్ గదిలో ఉండేదీ అయిదుగురే. ఒకే బ్రాంచి, ఒకే మెస్సు, ఆ అయిదుగురిలో ఇద్దరు యాప్ రాసినవాళ్లే. అయిదుగురితో చూసి, లోపం దిద్ది, మళ్లీ కొత్తగా అయిదుగురి దగ్గరికి వెళ్లమన్నాడాయన. ఆ రెండో సగం సిలబస్ పూర్తికాక మిగిలిపోయి ఉంటుంది.

నిజానికి ఈ విద్య మన దగ్గర లేకపోలేదు. ప్రొద్దుటూరు బట్టల అంగట్లోకి వెళ్లి ఒక అరగంట కూర్చోండి. గుమాస్తా ముప్పై చీరలు పరుస్తాడు. నోరు తక్కువ, చూపు ఎక్కువ. ఆమె వేళ్లు ఏ అంచు దగ్గర ఆగాయో, ఏ మడత చూసి మొహం చిట్లించిందో కనిపెట్టి ముప్పై ఒకటో చీర తీస్తాడు. "నీకు చీర చూడటం తెలీదమ్మా" అన్న గుమాస్తాకు మరుసటి నెల జీతం రాదు. జమ్మలమడుగులో మగ్గం నేసే మనిషికి ఫోనిచ్చి చూడండి, గంజి అంటిన వేలికి టచ్‌స్క్రీను పలుకుతుందో లేదో ఒక్క నిమిషంలో తేలుతుంది. ల్యాబులో శుభ్రంగా కడుక్కున్న వేళ్లతో ఏడాదంతా పరీక్షించినా తేలదు.

ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆరో తరగతితో బడి మానేశాడు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు నూలును కొయ్యల చుట్టూ తిప్పాలంటే, వాళ్లమ్మ చెయ్యి తొమ్మిది వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. భుజం పడిపోతుండేది. 1992లో మొదలుపెట్టి 1999 దాకా ఆ పని చేసే యంత్రం కట్టడం, పనిచెయ్యకపోతే విప్పి మళ్లీ కట్టడం. వాడుకరికి ఆసు పోయడం రాదని రికార్డు రాసుకునే సౌకర్యం ఆయనకు లేకపోయింది, ఎందుకంటే వాడుకరి కన్నతల్లి. 2017లో పద్మశ్రీ వచ్చింది. మన కాలేజీల్లో ఈ పాఠం చెప్పాలంటే మాత్రం ఆయనకు విద్యార్హతలు చాలవు.

సార్లకు ఒక మనవి. వచ్చే సెమిస్టర్లో పిల్లోళ్లను తోటకు పంపేటప్పుడు ఒకడిని అడగమనండి, ఒకడిని రాయమనండి, మిగిలినవాళ్ల నోళ్లకు ప్లాస్టర్ వెయ్యండి. పెద్దాయన వేలు గాల్లో ఆగినప్పుడు ఆ నిశ్శబ్దాన్ని భరించినవాడికి మార్కులివ్వండి. ఒక్క లోపమూ దొరకలేదని రాసుకొచ్చిన రికార్డుకు సున్నా వెయ్యండి.

అన్నట్టు, ఆ చీనీ యాప్‌కు కాలేజీ ప్రాజెక్టు ఎక్స్‌పోలో మొదటి బహుమతి వచ్చింది. షీల్డు ప్రిన్సిపాల్ గదిలో అద్దాల బీరువాలో ఉంది. సూట్‌కు చోటు ఇంకా పెట్టలేదు.