మద్యానికి లాటరీ, వైద్యానికి థీసిస్

ఆరోగ్య పథకాలు పనిచేశాయో లేదో తేల్చే గణాంక పద్ధతుల మీద పీహెచ్‌డీ చేయదలచినవాడికి తెలుగు నేలను మించిన చోటు లేదు. పథకాలకు కొదవలేదు, రోగులకు అసలే లేదు. లేనిదల్లా పోల్చి చూసుకోవడానికి ఇంకో జిల్లా. అది మిగలకుండా చూసుకోవడంలో మన ప్రభుత్వాలు ఆరితేరాయి.

పేదలకు ఉచిత వైద్యమిచ్చే ఆరోగ్యశ్రీనే తీసుకోండి. 2007 ఏప్రిల్ 1న శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలైంది. తేదీ చూసి నవ్వకండి, అది ఆర్థిక సంవత్సరం తొలిరోజు. వెనుకబడిన జిల్లాలని ఏరి మరీ పెట్టారు. పాలకుడికి పుణ్యం, గణాంకవేత్తకు తలనొప్పి. పథకం వచ్చినచోట కలిగిన మార్పులోంచి, రానిచోట కలిగిన మార్పును తీసేస్తే మిగిలేదే పథకం ఘనత అంటుంది డిఫరెన్స్-ఇన్-డిఫరెన్సెస్ పద్ధతి. షరతు ఒక్కటే: పథకమే రాకపోయి ఉంటే రెండుచోట్లా మార్పు ఒకే తీరున సాగి ఉండాలి. అంటే కూలి కోసం బొంబాయి బస్సెక్కే పాలమూరూ, కాలువ కింద రెండు పంటలు తీసే పశ్చిమగోదావరీ ఒకే బాటన నడుస్తాయని నమ్మాలి. థీసిస్‌లో ‘సమాంతర ధోరణి ఉన్నట్టు భావించడమైనది’ అని ఒక్క ముక్క రాస్తే చాలు, రెండూ బుద్ధిగా నడుస్తాయి.

పోనీ, భావిద్దాం. 2008 జులైకల్లా పథకం ఉమ్మడి రాష్ట్రంలోని 23 జిల్లాలకూ వచ్చేసింది. ఇక పోలిక ఎవరితో?

సర్వేలున్నాయి కదా అంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మూడో విడత 2005-06లో జరిగింది, జిల్లాల అంకెలు అందులో లేవు. ఆ అంకెలిచ్చిన నాలుగో విడత 2015-16లో వచ్చేసరికి రాష్ట్రమే రెండయింది. తర్వాత తెలంగాణలో 10 జిల్లాలు 31 అయి, 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 కాస్తా 2022లో 26 అయ్యాయి. మన పరిశోధకుడి ఎక్సెల్ షీట్లో మహబూబ్‌నగర్ అని నిక్షేపంగా ఒక వరుస ఉండేది. ఇప్పుడందులోంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట పుట్టాయి. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి పోయింది. జనాభాతో భాగిద్దామంటే చేతిలో ఉన్నది 2011 లెక్క. 2021 జనగణన 2021లో జరగలేదు.

పథకం పేరైనా నిలిచిందా? ఆంధ్రప్రదేశ్‌లో 2014లో ఎన్టీఆర్ వైద్యసేవ, 2019లో వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్యసేవ. గుండెలో వేసే స్టెంటుకు ఏ పార్టీ అయినా ఒకటే. పథకం ఎప్పుడొచ్చిందో చూపడానికి గ్రాఫు మీద గీసే నిలువు గీతకు మాత్రం ప్రతి ఎన్నికకూ కొత్త పేరు పెట్టాలి.

ఇంత గందరగోళంలో పరిశోధకుడు చేసేదేముంది? సిమ్యులేషన్. కంప్యూటర్లో తనే వెయ్యి జిల్లాలు పుట్టిస్తాడు, తనే పథకం పెడతాడు, మేలు ఇంత అని తనే ముందుగా నిర్ణయిస్తాడు, తన పద్ధతి ఆ అంకెను పట్టేసిందని ముగింపు రాస్తాడు. పద్ధతిని పరీక్షించడానికి అది న్యాయమైన దారే, కాదనను. కానీ ఆ వెయ్యి జిల్లాల్లో ఒక్కడికీ జ్వరం రాదు. ఇక పద్ధతి సంగతి. దశలవారీగా వచ్చిన పథకాలకు అందులో వాడే పాత రిగ్రెషన్ ఒక్కోసారి మేలును కీడుగా చూపెడుతుందని ఆర్థికవేత్త గుడ్‌మన్-బేకన్ వంటివాళ్ళ వ్యాసాలు 2021లో అచ్చయ్యాయి. అప్పటినుంచి దిద్దుబాటుకు దిద్దుబాటు. పద్ధతి నానాటికీ పదునెక్కుతోంది, కోయడానికి కూరగాయే లేదు.

అమెరికాలో ఓరెగాన్ రాష్ట్రం 2008లో ఏం చేసిందో చూడండి. పేదల బీమాకు కొద్దిమందికి సరిపడా నిధులే ఉన్నాయి, దాదాపు 90 వేల మంది పేర్లిచ్చారు. లాటరీ తీసింది. రెండేళ్ళ తర్వాతి ఫలితాలు కొలిస్తే జవాబు దొరికింది. కుంగుబాటు తగ్గింది, వైద్యం అప్పులు తగ్గాయి. బీపీ, షుగర్ అంకెల్లో మాత్రం గట్టిగా చెప్పదగ్గ తేడా కనబడలేదు. పథకాన్ని మెచ్చేవాళ్ళకూ తిట్టేవాళ్ళకూ సగమే నచ్చింది. అయినా జవాబంటూ వచ్చింది.

మనకు లాటరీ చేతకాదా? 2024 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 మద్యం దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులొచ్చాయి. అధికారుల సమక్షంలో లాటరీ తీసి దుకాణాలు పంచారు. తెలంగాణలోనూ ఇదే తంతు. ఓడినవాడు కూడా ‘రాత’ అనుకుని ఇంటికెళ్ళాడు. అదే పథకం ముందు ఏ మండలానికి అన్న ప్రశ్నకు లాటరీ అంటే ఘోరం, పేదల మీద ప్రయోగం! నిధులు అందరికీ ఒకేసారి చాలనప్పుడు ఎవరో ఒకరు ఆగక తప్పదు. ఎవరు ఆగాలో ఇప్పుడు తేలుస్తున్నది సిఫారసు. సిఫారసుకు ఏ గణాంక శాస్త్రంలోనూ సూత్రం లేదు.

కలెక్టర్ గారూ, మద్యం లాటరీ అయ్యాక ఆ డబ్బా పారేయకండి. వచ్చే పథకాన్ని దశలవారీగా పెట్టే రోజున మండలాల పేర్లు రాసి అందులో వేయించండి. తీసే ముందు ఒక సర్వే, ఏడాదికి ఇంకో సర్వే చేయించి, అంకెలు అందరికీ ఇవ్వండి. మూడొందల పేజీల థీసిస్ ముప్పై పేజీల్లో తేలిపోతుంది.