మారథాన్ మారాజు

ఉద్యోగరీత్యా ఛత్తీస్‌గఢ్‌లోని అభన్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లలో ఇలాంటివాడు ఒక్కడైనా తగులుతాడు. నలభై దాటిన వయసు, బ్యాంకులోనో రైస్‌మిల్లులోనో కొలువు, చేతికి గుండె దడను లెక్కపెట్టే గడియారం. ఆగస్టు నెలాఖరులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు పేరిచ్చాక ఆయన్ని పట్టలేం. ఎవరైనా పొరపాటున ‘నలభై రెండు కిలోమీటర్లు’ అన్నారా, అయిపోయారే! 42.195 అని దిద్ది, ఆ దూరం 1908 లండన్ ఒలింపిక్స్‌లో ఎలా పుట్టిందో చెప్పిగానీ వదలడు.

జూలైలో నిజంగానే పరిగెత్తాడు, కాదనలేం. తెల్లారకముందే బయల్దేరి నవా రాయ్‌పూర్ ఖాళీ రోడ్ల మీదుగా రాయ్‌పూర్ చేరేవాడు. తిరుగు ప్రయాణం మాత్రం 2025 మార్చిలో మొదలైన మెమూ రైల్లో, ఎదుటి సీటువాళ్లకు మోకాలి పురాణం వినిపిస్తూ.

అసలు తమాషా ఆఖరి మూడు వారాల్లో ఉంది. అలసిన కండరాలు కోలుకోవాలని, ఒంట్లో గ్లైకోజెన్ నిండాలని ఈ దశలో పరుగు తగ్గిస్తారు. దాని పేరు టేపరింగ్. కాళ్లకు సెలవు దొరగ్గానే నోరు డ్యూటీ ఎక్కుతుంది. గ్యాస్ సిలిండర్ జరపమంటే టేపరింగ్. అటక మీది డబ్బా దించమంటే టేపరింగ్. పిల్ల తుమ్మితే మాత్రం ఒక్క గెంతులో పెరట్లో ఉంటాడు. సోమవారం కుడి మోకాలు, మంగళవారం ఎడమది నొప్పి. ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్లకన్నా ముందు మేజోడు విప్పి, నల్లబడ్డ బొటనవేలి గోరు చూపిస్తాడు.

అక్కడి రైతుల పండగ హరేలీనాడు వీధి పిల్లలు గేడీలనే వెదురు కర్రకాళ్లెక్కి, టకటకమంటూ బురదలో ఆయన్ని దాటిపోయారు. "ఇవాళ నాది రికవరీ రన్నురా!" అని అరిచాడు. వినడానికి అక్కడెవరూ మిగల్లేదు.

పక్కింటి రైతు కాకా రోజూ బోరే బాసీ తిని పొలానికెళ్తాడు. రాత్రి అన్నంలో నీళ్లు పోసి నానబెట్టి, పొద్దున్నే ఉప్పు, ఉల్లిపాయతో తినే చద్దన్నం అది. మనవాడు ఆయనకు ఎనర్జీ జెల్ పొట్లం చూపించి గుణగణాలు వర్ణించాడు. కాకా దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది తిని నాట్లు వేయొచ్చా, బాబూ?" అని అడిగాడు.

ఇక ఆఖరి మూడు రోజులు కార్బ్ లోడింగ్. అన్నం ఎక్కువ తినాలని ప్రకటించాడు.

"ఏమండీ, మనింట్లో లోడింగ్ లేని రోజేదండీ?" అంది ఆవిడ, మూడోసారి వడ్డిస్తూ. "ఇంతకీ ఎంతసేపు పరిగెడతారేమిటి?"

"ఐదు గంటలైనా పడుతుంది. అందరూ కిప్‌చోగేలు కాదు కదా! 2019లో వియన్నాలో ఇదే దూరాన్ని గంటా 59 నిమిషాల 40 సెకన్లలో కొట్టేశాడు."

"అయ్యో పాపం!"

"ఎవరు?"

"వాళ్లావిడండీ. మూడు గంటలు ముందే ఇంటికొచ్చేసి ఉంటాడు."