ఇరవై రూపాయలకి గొడవెందుకండి

గోదావరి జిల్లాల మర్యాద గురించి లోకం చెప్పుకునేదంతా నిజమే. సంక్రాంతికి కొత్త అల్లుడొస్తే భీమవరంలో వందల రకాల వంటకాలు వరసగా పేర్చి, ఫొటో తీయించి మరీ వడ్డిస్తారు. ఆ అల్లుడు కారు దిగుతుండగా మావగారు ఎదురొచ్చి, "బాబూ, కారుకి ఇరవై. టోకెన్ పోతే వంద. అద్దం పగిలితే మాకు సంబంధం లేదు" అన్నారనుకోండి, ఆ సంబంధం కనుమ దాకా నిలుస్తుందా? సరిగ్గా ఈ మర్యాదే మనకి మన సూపర్ మార్కెట్లూ, షాపింగ్ కాంప్లెక్సులూ కొన్ని చేస్తున్నాయి. లోపల ఏసీ, నమస్కారం, ఒకటి కొంటే ఒకటి ఉచితం. గేటు దగ్గర మాత్రం "ఆయ్, టోకెనండి" అంటూ చాపిన చెయ్యి.

మనం ఇచ్చేస్తాం. వెనకాల ఇంకో కారు హారన్ కొడుతుంటుంది. పక్కసీట్లోంచి ఇంటావిడ "ఇరవై రూపాయలకి గొడవెందుకండి" అంటుంది. ఆ ఒక్క మాట మీదే ఈ వ్యాపారమంతా నడుస్తోంది. వందడిగితే ఎవడైనా దిగి నిలదీస్తాడు, అయిదడిగితే కాంట్రాక్టరుకి గిట్టదు. గోదావరి వాడి మొహమాటం ఎంత దాకా సాగుతుందో కొలిచి, అక్కడ రేటు కట్టారు.

ఆ టోకెన్ని ఎప్పుడైనా తీరిగ్గా చదివారా? బస్సు టిక్కెట్టు కన్నా పల్చటి గులాబీ కాయితం. పైన "పార్కింగ్" అని అచ్చేసి ఉంటుంది గానీ ఎవరి పార్కింగో ఉండదు. షాపు పేరు లేదు, కాంట్రాక్టరు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు, ఎన్నింటికి వచ్చామో లేదు. బండి నంబరు మాత్రం బాల్‌పెన్నుతో గిలికి ఉంటుంది. అందులో చివరి అంకె ఒకటో ఏడో రాసిన కుర్రాడికే తెలియాలి. కింద మటుకు ఉన్న జాగాలోనే తాటికాయంత అక్షరాలు: "వాహనము యజమాని బాధ్యతపై నిలుపబడును. టోకెన్ పోయిన యెడల రూ.100." డబ్బులెందుకు బాబూ అంటే "సెక్యూరిటీకండి" అంటాడు. మరి సెక్యూరిటీ మీదైతే బాధ్యత మాదెలా అయిందంటే, కాయితం తిరగేసి ఆ అక్షరాలు చూపిస్తాడు.

అలా అచ్చేసుకుంటే సరిపోదని సుప్రీంకోర్టు 2019లో ఓ పెద్ద హోటలుకే చెప్పింది. 1998లో ఢిల్లీ తాజ్‌మహల్ హోటల్లో ఓ అతిథి తాళాలు సిబ్బంది చేతికిచ్చి లోపలికెళ్తే, ఆయన మారుతి జెన్ కారుని ఇంకెవరో దర్జాగా తోలుకుపోయారు. బాధ్యత యజమానిదేనని టోకెన్ మీద రాశాం కదా అంది హోటలు. కారు మీ చేతికొచ్చాక మీ అజాగ్రత్తకి మీరే జవాబుదారీ అంది కోర్టు. తాళం మన జేబులోనే ఉండే సూపర్ మార్కెట్ గేటుకి ఆ తీర్పు ఉన్నదున్నట్టు అతకదు, నిజమే. కానీ తాళం మనదే, బాధ్యత మనదే, మాడే సీటూ మనదే అయినప్పుడు, వాళ్ళు మనకిచ్చిందేమిటి?

ఈ లెక్కన పాతకాలం సినిమా హాలు సైకిల్ స్టాండువాడు ఎంతో నయం. హ్యాండిలుకో రేకుబిళ్ళ తగిలించి, దాని జత మన చేతిలో పెట్టేవాడు. ఆట వదిలాక అన్ని సైకిళ్ళ మధ్యలోంచి మనది లాగి ఇచ్చేవాడు. చేసిన పనికి పైసలు పుచ్చుకున్నాడు. పెద్దపండక్కి కోడిపందేల బరి పక్కన కొబ్బరితోటలో కార్లు పెట్టించి డబ్బు దండుకునే ఆసామీ కూడా ఒకందుకు నిజాయితీపరుడే. తోట అతనిది. అందులో కార్లు పెట్టిస్తానని చెప్పి ఆయన ఏ బిల్డింగుకీ ప్లాను పాసు చేయించుకోలేదు.

మన షాపులవాళ్ళు చేయించుకున్నారు. కిటుకంతా అక్కడుంది. కట్టే విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగుకి చూపించకపోతే పెద్ద దుకాణానికి ప్లాను పాసవదు. 2017 నాటి ఏపీ బిల్డింగ్ రూల్స్ ఈ లెక్క స్పష్టంగా చెబుతాయి. అంటే సెల్లారు చూపించి పైఅంతస్తులకి అనుమతి తెచ్చుకున్నారు. అదే సెల్లారుని ఇప్పుడు టోకెన్ల లెక్కన మనకే అద్దెకిస్తున్నారు. అదైనా మొత్తం ఇస్తారా? కొన్నిచోట్ల సగం సెల్లారులో నూనె డబ్బాలూ, బియ్యం బస్తాలూ, ఖాళీ అట్టపెట్టెలూ పార్కు చేసి ఉంటాయి. వాటికి టోకెన్ లేదు. జాగా చాలక మన కారుని రోడ్డు వార పెట్టిస్తారు. మునిసిపాలిటీ రోడ్డు మీద నిలిపినందుకు కూడా గులాబీ కాయితమే.

ప్రభుత్వానికి ఈ సంగతి తెలియక కాదు. తెలంగాణ 2018లోనే జీవో ఇచ్చింది. మన రాష్ట్రంలో మాల్స్‌కీ మల్టీప్లెక్సులకీ 2025 ఏప్రిల్ నుంచి అదే పద్ధతి. మొదటి అరగంట ఎవరికైనా ఉచితం. అక్కణ్ణుంచి గంట దాకా ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఉచితం. గంట దాటితే, బిల్లో సినిమా టిక్కెట్టో పార్కింగ్ రుసుం కన్నా ఎక్కువదైతే ఉచితం. ఇరవై రూపాయల్లోపు సరుకు కొని గంటసేపు లోపల తిరిగే గోదావరి మనిషి ఇంకా పుట్టలేదు. కొత్తిమీర కట్టకని వెళ్ళి కుక్కరు మోసుకొచ్చే జాతి మనది. ఆ లెక్కన దాదాపు ఎవరూ ఇవ్వక్కర్లేదు.

మరి ఎలా వసూలవుతోందంటారా? లోపలికెళ్ళేటప్పుడే పట్టేస్తారు, బిల్లు పుట్టకముందే. బయటికొచ్చేటప్పుడు బిల్లు చూపిస్తే "అయిపోయిందండి, రాసేశాం" అంటాడు. జీవో మాటెత్తితే "మాది మాల్ కాదండి, సూపర్ మార్కెట్టు" అని మేనేజరు అందుకుంటాడు. ఆఫర్ల బోర్డు మీద మెగా మాల్, పార్కింగ్ గేటు దగ్గర పేద కిరాణా కొట్టు! అది మాల్ కాదనే ఒప్పుకుందాం. ప్లానులో చూపించిన పార్కింగ్ మాత్రం కిరాణా కొట్టుదైనా పార్కింగే.

వాళ్ళ వైపు న్యాయం కూడా కొంచెం ఉంది, చెప్పాలి. పొద్దున్నే అక్కడ బండి పడేసి, రైలెక్కి విశాఖపట్నం వెళ్ళి రాత్రికొచ్చే మహానుభావులున్నారు. వాళ్ళ దగ్గర వసూలు చెయ్యండి, రెట్టింపు చెయ్యండి. కోర్టులు కూడా ఒకే మాట మీద లేవు. 2019లో గుజరాత్ హైకోర్టు మాల్స్ పార్కింగ్ డబ్బు వసూలు చేయకూడదంది. 2025లో కేరళ హైకోర్టు మునిసిపాలిటీ లైసెన్సుకి లోబడి వసూలు చేసుకోవచ్చంది. సరే, కేరళ మాటే మాకూ సమ్మతం. ఆ లైసెన్సేదో తెచ్చి గేటుకి వేలాడదీయండి.

"ఇంగ్లండులో అయితే వేలకి వేలు లాగుతారు తెలుసా" అని భయపెట్టేవాళ్ళూ ఉన్నారు. తెలుసు. చెమ్స్‌ఫర్డ్‌లో బారీ బీవిస్ అనే ఆయన షాపింగ్ పార్కులో గంటకి నాలుగు నిమిషాలు తక్కువగా అదనంగా ఉన్నాడని పార్కింగ్ ఐ కంపెనీ 85 పౌండ్లు అడిగింది. ఆయన పోట్లాడితే 2015లో అక్కడి సుప్రీంకోర్టు కంపెనీ పక్షమే పలికింది. అయితే అక్కడ మొదటి రెండు గంటలు ఉచితం. ఆ ముక్క పెద్ద బోర్డుల మీద రాసి పెట్టారు. మనవాళ్ళు సీమ నుంచి రుసుం ఒక్కటే దిగుమతి చేసుకుని, బోర్డునీ ఉచితం గంటల్నీ అక్కడే వదిలేశారు.

కాబట్టి ఈసారి ఇరవై రూపాయలకి గొడవ పడండి. గేటు కుర్రాడి మీద కాదు, అతను జీతగాడు. మేనేజరుని రమ్మనండి. షాపు పేరూ, జీఎస్టీ నంబరూ, టైమూ వేసిన రసీదు అడగండి. వచ్చేటప్పుడు బిల్లు చూపించి డబ్బు వెనక్కి అడగండి. ఇవ్వకపోతే ఆ గులాబీ కాయితమూ బిల్లూ ఫొటో తీసి మునిసిపల్ కమిషనరుకి పంపండి, 1915కి ఫోన్ చెయ్యండి. జిల్లా వినియోగదారుల కమిషన్లో అయిదు లక్షల దాకా విలువున్న కేసుకి ఫీజు లేదు, ఇరవై రూపాయలు ఆ పరిధిలోకే వస్తుందని నా లెక్క. ఈలోగా వెనక కార్లవాళ్ళు హారన్లు కొడతారు. కొట్టనివ్వండి. వాళ్ళ ఇరవై కూడా అందులోనే ఉంది.